చేతి రుమాలు

చేతి రుమాలు అనగా ముఖం, చేతులు, ముక్కు తుడుచుకొనుటకు వెంట ఉంచుకొనే చిన్న వస్త్రం. సాధారణంగా ఇది చతురస్రాకారంలో ఉండి, నాలుగు అంచులూ మడిచి కుట్టబడి ఉంటుంది. దీనినే జేబు రుమాలు, కర్చీఫ్ అని కూడా అంటారు. తెలంగాణలో దస్తీ అనే మాట వాడుకలో ఉన్నది. పరిశుభ్రతకు పనికివచ్చే సాధనంగానే కాక, అలంకారంగా, హోదాకు చిహ్నంగా, కొన్ని సందర్భాలలో నిరసన పతాకంగా కూడా రుమాలు ఉపయోగపడింది. మెడకు కట్టుకొనే నెక్‌టై కూడా మెడ రుమాలు నుండి పుట్టినదే. ప్రపంచ రుమాళ్ళ చరిత్రలో తెలుగు నేతగాళ్ళకు ప్రత్యేక స్థానం కలదు. మచిలీపట్నం, చీరాల ప్రాంతాలలో తయారైన రుమాళ్ళు శతాబ్దాల పాటు పర్షియా, అరేబియా, ఆఫ్రికా దేశాలకు ఎగుమతి అయ్యాయి.

పేరు వెనుక కథ

రుమాలు పారశీక భాషాపదం. ఆ భాషలో "రూ" అనగా ముఖం, "మాల్" అనగా తుడుచునది. కాబట్టి రుమాలు అంటే ముఖం తుడుచుకొనే గుడ్డ అని అర్థం. దస్తీ అనే పదం కూడా పారశీకంలో చేయి అనే అర్థం గల "దస్త్" నుండి వచ్చినదే. కర్చీఫ్ అనే ఆంగ్ల పదం ప్రాచీన ఫ్రెంచి భాష నుండి వచ్చింది. దాని అసలు అర్థం తలను కప్పేది అని. అనగా అది మొదట తలగుడ్డ. తరువాత చేతిలోకి వచ్చినపుడు దానికి ముందు "హ్యాండ్" అనే మాట చేరింది. తెలుగులోనూ ఇటువంటి విశేషమే కనిపిస్తుంది. తెలంగాణ గ్రామాలలో రుమాలు అంటే తలపాగా అనే అర్థం నేటికీ ఉన్నది. తలకు చుట్టినా, మెడకు కట్టినా, చేత పట్టినా గుడ్డ ఒక్కటే అని ఈ పదాల వలన తెలుస్తుంది.

ప్రాచీన కాలం

ప్రాచీన రోములో చెమట తుడుచుకొనుటకు వాడే గుడ్డను సుడారియం అనేవారు. లాటిన్‌లో సుడార్ అంటే చెమట. క్రీ.పూ. 1వ శతాబ్దానికి చెందిన రోమన్ కవి కటుల్లస్ తన చేతిగుడ్డను దొంగిలించిన వ్యక్తిని ఎగతాళి చేస్తూ కవిత వ్రాశాడు. అటువంటి నార వస్త్రం ఆనాడు ఎంత అపురూపమైనదో దీనిని బట్టి ఊహించవచ్చును. రథాల పందెం ప్రారంభించుటకు అధికారి మప్పా అనబడే తెల్లని గుడ్డను క్రిందికి జారవిడిచేవాడు. పందేలకు, ఆటలకు గుడ్డ ఊపి సంకేతమిచ్చే ఆచారం ఎంత పాతదో ఇది తెలుపుతుంది.

ఐరోపాలో రుమాలు

ఇంగ్లండు రాజు రెండవ రిచర్డ్ (పాలన 1377-1399) ఇంటి ఖర్చుల లెక్కలలో, రాజుగారు ముక్కు తుడుచుకొనుటకు చేయించిన చిన్న గుడ్డల ప్రస్తావన ఉన్నది. అందువలన చేతి రుమాలును కనిపెట్టినది ఆయనే అని ఆంగ్లేయులు చెప్పుకొంటారు. అయితే రోమనుల ఉదాహరణ చూచిన తరువాత, ఆయన కనిపెట్టాడనుట కంటే మర్యాదగా మార్చాడనుట సముచితం.

డచ్చి పండితుడు ఎరాస్మస్ 1530లో పిల్లల నడవడికపై ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. ముక్కును టోపీతోనో, అంగీ చేతితోనో తుడుచుకొనుట అనాగరికమని, అందుకు రుమాలు వాడవలెనని అందులో బోధించాడు. ఆ పుస్తకం ఐరోపా పాఠశాలలలో విస్తృతంగా చదవబడింది. 16వ శతాబ్దం నాటికి లేసు అల్లిన రుమాలు ధనిక స్త్రీపురుషుల చేతిలో తప్పనిసరి అలంకారమైంది. షేక్‌స్పియర్ నాటకం ఒథెల్లోలో స్ట్రాబెర్రీ పండ్ల బొమ్మలు కుట్టిన రుమాలు కథను విషాదాంతం వైపు నడిపిస్తుంది. ప్రేమకానుకగా ఇచ్చిన రుమాలుకు ఆ కాలంలో ఎంత విలువ ఉండేదో తెలియనిదే ఆ కథ పూర్తిగా అర్థం కాదు.

పూర్వం రుమాళ్ళు గుండ్రంగా, దీర్ఘచతురస్రంగా, త్రికోణంగా కూడా ఉండేవి. ఫ్రాన్సు రాజు పదహారవ లూయీ 1785లో రుమాలు పొడవు, వెడల్పు సమానంగా ఉండాలని ఆజ్ఞ జారీ చేశాడని, రాణి మేరీ ఆంటోనెట్ కోరికపై ఇది జరిగినదని చెబుతారు.

17, 18 శతాబ్దాలలో నశ్యం పీల్చే అలవాటు ఐరోపాలో బాగా వ్యాపించింది. నశ్యం మరకలు తెల్లని రుమాలుపై అసహ్యంగా కనిపిస్తాయి. దీనితో ముదురు రంగుల రుమాళ్ళకు గిరాకీ పెరిగింది. ఉతికినా వెలిసిపోని రంగులు వేయుటలో ఆనాడు భారతీయులను మించినవారు లేరు. ఆ గిరాకీ భారతదేశపు మగ్గాలకు పని కల్పించింది.

భారతీయ రుమాళ్ళు - గోల్కొండ, మచిలీపట్నం

మన దేశంలో రుమాలు ముఖం తుడుచుకొనుటకు మాత్రమే పరిమితం కాలేదు. రాజదర్బారులో కానుకలు సమర్పించేటపుడు పళ్ళెంపై కప్పే చదరపు గుడ్డను కూడా రుమాలు అనేవారు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో ఇందుకోసం కలంకారీ రుమాళ్ళు తయారయ్యేవి. ఉద్యానవనాలు, వేటదృశ్యాలు, పారశీక వేషధారులైన స్త్రీపురుషులు వీటిపై చిత్రించబడేవారు. వీటిలో కొన్ని న్యూయార్క్ నగరంలోని మెట్రోపాలిటన్ మ్యూజియంలోను, లండన్‌లోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలోను భద్రపరచబడి ఉన్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లోని చంబా రుమాలు ఇదే కోవకు చెందినది. దానిపై కుట్టుపని రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది.

గోల్కొండ రాజ్యానికి మచిలీపట్నం ప్రధానమైన ఓడరేవు. ఇక్కడ ఆంగ్లేయులు 1611లో వర్తక స్థావరం నెలకొల్పారు. కోరమండల్ తీరపు ఎరుపు రంగుకు మూలం చిరివేరు అనే మొక్క వేరు. పటిక కలిపి ఉడికించినపుడు ఈ వేరు నుండి వచ్చే ఎరుపు నూలుకు గట్టిగా పట్టుకొంటుంది. ఇక్కడి రుమాళ్ళు ఎంత ప్రసిద్ధి పొందాయంటే, నెల్లూరుకు దక్షిణాన గల పులికాట్ రేవు పేరే ఆంగ్లంలో రంగుల రుమాలుకు పేరుగా మారింది. బందనా అనే ఆంగ్ల పదం కూడా ముడివేసి రంగువేయు పద్ధతిని తెలిపే హిందీ పదం నుండి వచ్చినదే.

అయితే ఈ కీర్తి మన నేతగాళ్ళకు చిరకాలం అన్నం పెట్టలేదు. 19వ శతాబ్ది ప్రారంభంలో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో యంత్రాల సాయంతో బందనా రుమాళ్ళ తయారీ మొదలైంది. అక్కడ నూలుకు ముడులు వేయరు. ముందుగా గుడ్డ మొత్తానికి ఎరుపు వేసి, తరువాత రసాయనంతో కావలసిన చోట రంగును తొలగించి తెల్లని చుక్కలు తెస్తారు. ఒక్క రుమాలుపై రోజుల తరబడి శ్రమించే మన కార్మికుడు ఆ ధరతో పోటీపడలేకపోయాడు.

మద్రాసు రుమాలు

ఆంగ్లేయుల కాలంలో కోరమండల్ తీరపు గళ్ళ రుమాళ్ళు మద్రాసు రేవు గుండా ఎగుమతి అగుట వలన వీటికి మద్రాసు రుమాలు అనే పేరు స్థిరపడింది. వీటిని నేసినవారిలో చీరాల పరిసరాల తెలుగు నేతగాళ్ళు కూడా ఉన్నారు. పేరుకు రుమాలే గాని ఇది జేబులో పెట్టుకొనేది కాదు. సుమారు గజం (36 అంగుళాలు) చదరంగా, ఒకే తానులో వరుసగా నేయబడేది. కొన్నవారు తమ అవసరాన్ని బట్టి కత్తిరించుకొని తలకు, భుజాలకు, నడుముకు కట్టుకొనేవారు.

ఈ వ్యాపారంలో ఒక చీకటి కోణం కూడా ఉన్నది. ఐరోపా వర్తకులు భారతీయ నూలు వస్త్రాలను పశ్చిమ ఆఫ్రికా తీరానికి తీసుకొనిపోయి, వాటికి బదులుగా మనుషులను బానిసలుగా కొనేవారు. ఆ మనుషులు అమెరికా ఖండానికి, కరిబియన్ దీవులకు తరలించబడ్డారు. అదే మద్రాసు రుమాలు ఆ దీవులలో బానిస స్త్రీల తలగుడ్డ అయినది. తాను నేసిన గుడ్డ ఎక్కడికి చేరినదో, దేనికి మారకమైనదో కోరమండల్ నేతగాడికి తెలిసే అవకాశం లేదు.

అమెరికాలోని లూసియానా ప్రాంతం అప్పట్లో స్పెయిన్ అధీనంలో ఉండేది. గవర్నర్ ఎస్తెబాన్ మీరో 1786లో ఒక ఉత్తర్వు జారీ చేశాడు. దాని ప్రకారం ఆఫ్రికా సంతతి స్త్రీలు తలపై ఈకలు, ఆభరణాలు ధరించరాదు. జుట్టును రుమాలుతో కట్టుకొనవలెను. శ్వేతజాతి స్త్రీలతో సమానంగా కనిపించకుండా చేయుటయే దీని ఉద్దేశ్యం. అయితే ఆ స్త్రీలు రంగురంగుల మద్రాసు రుమాళ్ళను ఎన్నుకొని, ఎంతో అందంగా మెలివేసి కట్టసాగారు. అవమానానికై విధించిన తలగుడ్డ వారి చేతిలో సింగారమైంది. నేడు డొమినికా, సెయింట్ లూసియా, మార్టినిక్, గ్వాడలూప్ దీవులలో మద్రాసు గళ్ళ గుడ్డ సంప్రదాయ వేషంలో భాగం. మార్టినిక్‌లో తలగుడ్డకు ఎన్ని కొనలు నిలబెట్టారనే దానిని బట్టి ఆ స్త్రీ వివాహితయో కాదో తెలిసేదని చెబుతారు.

నైజీరియాలోని నైజర్ నది డెల్టాలో నివసించే కలబరి ప్రజలకు మద్రాసు రుమాలు పవిత్రమైన వస్త్రం. దానిని వారు ఇంజిరి అంటారు. పుట్టుకకు, మరణానికి సంబంధించిన వేడుకలలో ఇది ఉండి తీరాలి. కలబరి స్త్రీలు ఈ గుడ్డలోని కొన్ని పోగులను సన్నని కత్తితో కోసి లాగివేసి, కొత్త నమూనాలను సృష్టిస్తారు. ఇలా తయారైన గుడ్డను పెలెతె బితె అంటారు. ఒక దేశంలో నేసిన వస్త్రాన్ని మరొక దేశం వారు తమదిగా చేసుకొనుటకు ఇది చక్కని ఉదాహరణ.

తేలియా రుమాలు

తెలుగువారి రుమాళ్ళలో మిక్కిలి పేరుపొందినది తేలియా రుమాలు. దీని జన్మస్థానం చీరాల (2022 నుండి బాపట్ల జిల్లా). "తేల్" అనగా నూనె. నూలును నూనెలో నానబెట్టి తయారు చేయుట వలన దీనికి ఈ పేరు వచ్చింది.

తయారీ విధానం: ఆముదపు కాయల పొట్టును కాల్చిన బూడిదను నీటిలో కలిపి, ఆ తేటకు నూనె చేర్చి, అందులో నూలును పిసికి ఆరబెడతారు. ఈ పనిని రోజుల తరబడి మళ్ళీ మళ్ళీ చేస్తారు. దీని వలన ఎరుపు రంగు నూలులోనికి బాగా ఇంకి, వెలిసిపోకుండా నిలుస్తుంది. తరువాత నమూనాను అనుసరించి పోగులకు ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోట రంగు పట్టదు. తెలంగాణలో ఈ పనిని చిటికీ అంటారు. పడుగుకు, పేకకు రెండింటికీ ఇలా ముడులు కట్టి రంగు వేయుట తేలియా రుమాలు ప్రత్యేకత. నేసేటపుడు పేకలోని ప్రతి రంగు మచ్చ పడుగులోని దాని జంటపై సరిగా పడాలి. పోగు కొంచెం జరిగినా బొమ్మ చెదిరిపోతుంది. ఈ జంట పద్ధతిలో నేసే చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ. గుజరాత్‌లోని పటాన్ పటోలా, ఇండోనేషియాలో బాలి ద్వీపపు తెంగనాన్ గ్రామపు గెరింగ్‌సింగ్ వాటిలో ముఖ్యమైనవి.

రంగులు: ఎరుపు, నలుపు, తెలుపు. ఈ మూడే సంప్రదాయ రంగులు. మొదట చిరివేరు వంటి వేళ్ళ నుండి ఎరుపును తీసేవారు. అందులోని ప్రధాన వర్ణద్రవ్యమైన అలిజరిన్‌ను 1868లో జర్మన్ శాస్త్రవేత్తలు గ్రేబె, లీబర్‌మన్ కృత్రిమంగా తయారు చేశారు. క్రమంగా ఆ కృత్రిమ రంగే చీరాలకూ చేరింది. నలుపును ఇనుము నుండి తీసేవారు.

ఉపయోగాలు: మన ప్రాంతంలో జాలరులు, పశువుల కాపరులు దీనిని తలగుడ్డగా, భుజంపై కండువాగా, లుంగీగా వాడేవారు. అరబ్బు దేశాలకు తలగుడ్డల కొరకు ఎగుమతి అయ్యేది. విదేశీ వ్యాపారంలో దీనిని ఆసియా రుమాలు అని వ్యవహరించేవారు. తొలినాటి రుమాళ్ళపై గళ్ళు, చుక్కలు, నక్షత్రాల వంటి రేఖాగణిత నమూనాలే ఉండేవి. 1930ల నాటికి సింహాలు, ఏనుగులు, పక్షులతో పాటు గడియారాలు, విమానాలు కూడా వీటిపైకి ఎక్కాయి. నేతగాడు తన కాలాన్ని ఎంత శ్రద్ధగా గమనించేవాడో ఇవి తెలుపుతాయి.

పుట్టపాక: 20వ శతాబ్దంలో ఈ విద్య చీరాల నుండి నాటి నల్గొండ జిల్లాకు చేరింది. చీరాలలో క్రమంగా క్షీణించగా, పుట్టపాక గ్రామం (2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లా) దీనిని నిలబెట్టింది. ఈ గ్రామానికి చెందిన గజం గోవర్ధన (2011), గజం అంజయ్య (2013) పద్మశ్రీ పురస్కారాలు అందుకొన్నారు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. నేడు ఇక్కడ చదరపు రుమాళ్ళ కంటే అదే పద్ధతిలో చీరలు, దుపట్టాలు ఎక్కువగా నేస్తున్నారు. గుర్తింపు పత్రం పేరును కాపాడగలదు గాని విద్యను కాపాడలేదు. నూనెలో నూలు నానబెట్టుట మొదలు మగ్గం దించు వరకు గల శ్రమకు తగిన ధర లభించినపుడే తరువాతి తరం ఈ పనిని చేపడుతుంది.

మెడ రుమాలు నుండి నెక్‌టై వరకు

17వ శతాబ్దంలో ఐరోపాలో ముప్పై సంవత్సరాల యుద్ధం (1618-1648) జరిగినపుడు, ఫ్రాన్సు తరఫున పోరాడిన క్రొయేషియా సైనికులు మెడకు రుమాళ్ళు కట్టుకొని వచ్చారు. ఫ్రెంచివారు ఆ కట్టును అనుకరించి, ఆ జాతి పేరుతోనే దానిని క్రవాత్ అన్నారు. పద్నాలుగవ లూయీ ఆస్థానంలో ఇది రాజవేషమైంది. 1692లో స్టీన్‌కిర్క్ యుద్ధంలో, శత్రువు హఠాత్తుగా దాడి చేయగా ఫ్రెంచి అధికారులు క్రవాత్‌ను సరిగా కట్టుకొనే వ్యవధి లేక, మెలివేసి కొనను బొత్తాము రంధ్రంలో దోపుకొన్నారట. తొందరలో చేసిన ఆ పని తరువాత స్టీన్‌కిర్క్ అనే పేరుతో ఫ్యాషన్‌గా మారింది.

19వ శతాబ్ది ప్రారంభంలో లండన్‌లో బో బ్రమెల్ గంజిపెట్టిన తెల్లని మెడగుడ్డకు ప్రసిద్ధుడు. ఆ శతాబ్ది చివరికి నేటి పొడవాటి టై రూపుదిద్దుకొన్నది. 1920లలో న్యూయార్క్‌కు చెందిన జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ గుడ్డను ఏటవాలుగా కత్తిరించి, మూడు ముక్కలుగా కుట్టే పద్ధతికి పేటెంటు పొందాడు. దీని వలన టై మెలిపడకుండా నిలువుగా వ్రేలాడుతుంది. నేటికీ ఇదే పద్ధతి అనుసరించబడుతున్నది. క్రొయేషియాలో ప్రతి సంవత్సరం అక్టోబరు 18న క్రవాత్ దినోత్సవం జరుపుకొంటారు.

టై కూడా రుమాలు వలెనే హోదాకు, వివాదానికి కారణమైంది. 2005లో జపాన్ ప్రభుత్వం వేసవిలో విద్యుత్తు ఆదా కొరకు కూల్ బిజ్ ఉద్యమం ప్రారంభించి, ఉద్యోగులు టై లేకుండా కార్యాలయానికి రావచ్చునని ప్రోత్సహించింది. 2021 ఫిబ్రవరిలో న్యూజిలాండ్ పార్లమెంటులో మావోరి పార్టీ నాయకుడు రావిరి వైటిటి టైకి బదులు తమ జాతి సంప్రదాయ కంఠాభరణం ధరించి రాగా, ఆయనను సభ నుండి బయటకు పంపారు. ఆ మరునాడే టై నిబంధన తొలగించబడింది.

టైతో పాటు కోటు పైజేబులో అలంకారంగా పెట్టే రుమాలును పాకెట్ స్క్వేర్ అంటారు. దీనిని ముఖ్యంగా మూడు విధాలుగా మడుస్తారు.

1. సమాన మడత: జేబుపైన సన్నని పట్టీలా కనిపిస్తుంది. అధికారిక సమావేశాలకు అనువైనది.
2. కొన మడత: ఒకటి లేదా అంతకు మించిన త్రికోణపు కొనలు పైకి కనిపిస్తాయి.
3. పొంగు మడత: రుమాలును మధ్యలో పట్టి ఎత్తి, అంచులను లోపలికి దోపుతారు. పట్టు రుమాలుకు తగినది.

టై, పాకెట్ స్క్వేర్ ఒకే గుడ్డతో ఉండనవసరం లేదు. రంగులు ఒకదానికొకటి నప్పితే చాలును.

నిరసన పతాకంగా రుమాలు

స్త్రీలకు ఓటు హక్కు కొరకు పోరాడి 1912లో లండన్‌లోని హాలోవే జైలులో నిర్బంధింపబడిన ఉద్యమకారిణులు ఒక రుమాలుపై తమ సంతకాలను దారంతో కుట్టారు. 66 మంది సంతకాలు గల ఆ రుమాలు నేటికీ భద్రంగా ఉన్నది. అర్జెంటీనాలో సైనిక ప్రభుత్వం మాయం చేసిన తమ బిడ్డల కొరకు 1977 నుండి తల్లులు బ్యూనస్ ఎయిర్స్ నగరంలోని మే కూడలిలో ప్రదర్శన జరిపారు. తలకు కట్టిన తెల్ల రుమాలు వారి గుర్తు.

కాగితపు రుమాలు, ఆరోగ్యం

1924లో అమెరికాలో కింబర్లీ-క్లార్క్ సంస్థ క్లీనెక్స్ అనే మెత్తని కాగితాన్ని ముఖానికి రాసుకొన్న క్రీము తుడుచుకొనుటకై విడుదల చేసింది. కొనుగోలుదారులు దానితో ముక్కు తుడుచుకొనుట గమనించి, 1930లలో దానిని వాడి పారవేసే రుమాలుగా ప్రచారం చేశారు. జర్మనీలో టెంపో అనే కాగితపు రుమాలు 1929లో నమోదైంది. జలుబు ఉన్నపుడు ఒకే గుడ్డ రుమాలును పదేపదే వాడితే రోగక్రిములు చేతులకు అంటుకొంటాయి. అందువలన అటువంటి సమయంలో కాగితపు రుమాలు వాడి పారవేయుట, లేదా మోచేతి మడతలో తుమ్ముట మంచిదని వైద్యులు సూచిస్తారు. అయితే చెమట తుడుచుకొనుటకు, తడి చేతులు ఆరబెట్టుకొనుటకు ఉతికి వాడుకొనే నూలు రుమాలే మేలు. దీని వలన చెత్త తగ్గుతుంది. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినపుడు, మాస్కులు దొరకని తొలి రోజులలో ఎందరికో ముఖానికి కట్టుకొనుటకు రుమాలే ఆధారమైంది.

తెలుగువారి నిత్యజీవితంలో

ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలో నుండి రుమాలు వేసి సీటు పట్టుకొనుట తెలుగువారందరికీ తెలిసినదే. దీని నుండే, ఏదైనా అవకాశాన్ని ముందుగా తనకని చెప్పుకొనుటను "కర్చీఫ్ వేయడం" అని చమత్కారంగా అంటారు. పిల్లలు గుండ్రంగా కూర్చొని ఉండగా ఒకరు వెనుకగా పరుగెత్తుతూ ఎవరి వెనుకనో రుమాలు పడవేసే ఆట పల్లెల్లోను, పట్టణాలలోను కనిపిస్తుంది. బడికి వెళ్ళే చిన్నపిల్లల చొక్కాకు పిన్నుతో రుమాలు తగిలించుట తల్లులకు అలవాటు.

పురుషులు వాడే రుమాలు సుమారు 40 నుండి 45 సెంటీమీటర్ల చదరం, స్త్రీలు వాడేది 25 నుండి 30 సెంటీమీటర్ల చదరం ఉంటుంది. రుమాలుకు నూలు గుడ్డ శ్రేష్ఠమైనది. కృత్రిమ దారాలతో చేసినవి చెమటను పీల్చవు. చేనేత రుమాలు కొనేవారు దానిని రెండు వైపులా తిప్పి చూడవలెను. పోగులకే రంగు వేసి నేసిన గుడ్డలో రంగు ఇరువైపులా ఒకేలా ఉంటుంది. పైన అచ్చువేసిన గుడ్డలో వెనుకవైపు సాధారణంగా వెలవెలబోయి కనిపిస్తుంది.

ఇవి కూడా చూడండి

- కలంకారీ
- చేనేత
- పోచంపల్లి చీర
- కండువా
- తలపాగా